గొట్టంలో ఇరుక్కున్న చేప

ఊరికి నీళ్లు వదిలే చేప బాబాయి గొట్టానికి ఇనుప కడ్డీ ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుంటే చాలు. ఏ ఇంట్లో ఎవరు స్నానం చేస్తున్నారో, సబ్బు రుద్దుకుంటున్నారో లేదో కూడా చెప్పేస్తాడు. చెప్పేది ఆయనే కనుక నమ్మడం మన ఇష్టం.

ఆ పేరు ముప్పయ్యేళ్ల కిందటిది. ఒకరోజు బడివీధికి నీళ్లు రాలేదు. దూడంత చేప గొట్టానికి అడ్డం పడిందనీ, తోక పట్టి లాగితే మీసంతో చెంప ఛెళ్లుమనిపించిందనీ ఆయన చెప్పాడు. అప్పటికి పుట్టనివాళ్లు కూడా ఇప్పుడు ఆ చేపను చూశామంటారు.

ఈమధ్య బాబాయి జ్వరమొచ్చి వారం సెలవు పెట్టి తిరిగొచ్చేసరికి బడివీధికి మూడు రోజులుగా చుక్క నీరు లేదు. ఆయన లేనప్పుడు గొట్టానికేదో మరమ్మతు చేసి, అయ్యాక వాల్వులన్నీ తెరిచారట. గొట్టం పగిలిందని కొత్త ఇంజనీరమ్మ రోడ్డు తవ్వే యంత్రాన్ని తెచ్చి నిలబెట్టింది.

"తవ్వించకండమ్మా. మూలమీద వాల్వు మూసుకుని ఉంది."

"ఎడమకు తిప్పి తెరిపించాం బాబాయ్. నేనే దగ్గరున్నాను."

"అది పాత నీళ్ల కమిటీ వేయించింది. మిగతావాటిలా కాదు, ఎడమకు తిప్పితే మూసుకుంటుంది. కమిటీ పోయి శాఖ వచ్చింది, శాఖ పోయి బోర్డు వచ్చింది. పైన ఎన్ని మారినా, కింద ఆ వాల్వు మారలేదు."

"దీనికీ మీసాలున్నాయా బాబాయ్?" అన్నాడు యంత్రం నడిపేవాడు. అందరూ పకపకా నవ్వారు.

"మ్యాపులో అలా లేదే. మీకెలా తెలుసు?" అంది ఇంజనీరమ్మ.

మాంచి కోత ఒకటి కోయడానికి బాబాయి నోరు తెరిచాడు. ఖాళీ బిందెతో నిలబడ్డ చెల్లెలు కనిపించింది.

"ఏంటన్నయ్యా, ఈసారి తిమింగలమా?"

కోత గొంతులోనే ఆగిపోయింది. ఇంజనీరమ్మను పక్కకు పిలిచాడు.

"అప్పుడు చేపా లేదు, గీపా లేదమ్మా. కొత్తగా చేరాను. తెరుస్తున్నాననుకుని ఇదే వాల్వును ఎడమకు బిగించేశాను. ఉద్యోగం ఊడుతుందని చేపను పుట్టించాను."

ముప్పయ్యేళ్లు పెంచుకున్న చేప నిమిషంలో చచ్చిపోయింది. ఊరికి తెలిస్తే ఆయన్ని ఏమని పిలుస్తారో!

ఇంజనీరమ్మ ఆయన్ని ఒకసారి తేరిపార చూసి, పొడవాటి రెంచి చేతికిచ్చింది. బాబాయి కుడికి తిప్పాడు. పద్నాలుగు చుట్లు. కుళాయిల్లో ముందు గాలి బుసకొట్టింది, తర్వాత తుప్పునీళ్లు, ఆపైన మంచినీళ్లు. ఆమె మ్యాపులో వాల్వు పక్కన 'కుడికి తిప్పితే తెరుచుకుంటుంది' అని రాసింది. ఇంకేమీ రాయలేదు.

"ఏం జరిగింది బాబాయ్?" అంటూ జనం మూగారు. ఆయన ఇంజనీరమ్మ వైపు బిక్కమొహం వేసి చూశాడు.

ఆమె మ్యాపు మడుస్తూ అడిగింది. "ఇంతకీ ఆ చేప ఎన్ని కిలోలన్నారు?"

"ఎనభై..." అన్నాడు బాబాయి. ఒక్క క్షణం ఆగి, "డెబ్భై వేసుకోండమ్మా" అన్నాడు.