రాగిపిండిలో ఫోను

పుంగనూరు దాటి పలమనేరు దారి పట్టగానే బస్సు ఒక గుంతలో దిగి లేచింది. పూలమ్మ ఒళ్లోని స్టీలు డబ్బా మూత ఊడి, పిడికెడు రాగిపిండి పక్కనున్న ముసలాయన పంచె మీద పడింది. ఆయన దులుపుకోలేదు. డబ్బాలోకి తొంగి చూశాడు. పిండిలోంచి ఒక బటన్ల ఫోను మూల కనబడుతోంది.

"పూడ్చిపెట్టి ఎన్ని దినాలయిందమ్మా?"

"రెండు దినాలప్పా. గొర్రెల తొట్లో పడింది."

ఫోను తడిస్తే అందరూ బియ్యంలో పెడతారు కదా, పిండిలో యాల పెట్టినావు అని అడిగాడాయన. పూలమ్మ ఆయన్ని ఏమీ తెలియనివాడిని చూసినట్టు చూసింది. బియ్యం తాగే నీళ్లెంత, రాగిపిండి తాగే నీళ్లెంత? ముప్పయ్యేళ్లుగా సంగటి కెలుకుతున్న చేతికి ఆ లెక్క ఒకరు చెప్పాలా?

ముసలాయన పేరు కుప్పుస్వామి. పుంగనూరులో రేడియోలు, టేపు రికార్డర్లు బాగుచేసి జీవితం గడిపినవాడు, తమ్ముడింటికని కుప్పం వెళుతున్నాడు. ఆయనకు నవ్వొచ్చింది గానీ, ఆమె ముఖం చూసి మింగేశాడు. బియ్యమైనా పిండైనా లోపలి తడిని లాగవని, బ్యాటరీ ఊడదీసి గాలికి ఆరబెట్టి ఉంటే బతికేదేమోనని, పిండి పోయి తడికి అంటుకుని ఇప్పుడు లోపలంతా సంగటి అయ్యుంటుందని మెల్లగా చెప్పాడు. అందులో పూలమ్మకు వినబడింది ఒక్కటే. ఇది ఇక లేవదు.

తంబళ్లపల్లె పక్క పల్లె ఆమెది. బోరు కింద కాస్త శెనక్కాయ, కాస్త టమాటా, పాతిక గొర్రెలు. ఆ ఇంట్లో కరెంటు వస్తువులకు ఆచారాలు ఎక్కువ. గ్రహణం పడితే టీవీకి దుప్పటి కప్పాలి. రిమోటు పలకకపోతే దాని బ్యాటరీలు మిద్దె మీద శెనక్కాయలతో పాటు ఎండాలి. ఎండకు కాగిన బ్యాటరీ నిజంగానే కాసేపు పలుకుతుంది. ఆ కాసేపే చాలు, ఒక నమ్మకం ఊళ్లో ఇరవై ఏళ్లు బతకడానికి.

ఏడాది కిందట కూతురు రేఖ తనకు నచ్చినవాణ్ణి చేసుకుని కుప్పం వెళ్లిపోయింది. ఇంట్లో దాని పేరెత్తకూడదన్నాడు తండ్రి రెడ్డెప్ప. అప్పటి నుంచి తల్లీకూతుళ్ల కాపురమంతా ఈ ఫోనులోనే. సోమవారం రెడ్డెప్ప మదనపల్లె మార్కెట్టుకు టమాటా తోలుకుపోయాక, పదకొండుకు రేఖ చేసేది. మాటలవగానే పూలమ్మ ఆ నంబరు తుడిచేసేది, మొగుడి కంట పడకుండా. తుడవడం నేర్చుకుంది గానీ గుర్తుపెట్టుకోవడం నేర్చుకోలేదు.

పోయిన సోమవారం రేఖ చెప్పింది: నెలలు నిండాయి, వచ్చే సోమవారం ఆసుపత్రిలో చేర్చుకుంటారు, నువ్వు కుప్పంలో దిగు, ఏ ఆసుపత్రో పదకొండుకు ఫోను చేసి చెబుతాను. పుంగనూరులో చుట్టాలింటికని మొగుడితో అబద్ధమాడి పూలమ్మ తెల్లవారకముందే బయల్దేరింది. దారిలోనైనా పిండి తన పని తాను చేస్తుందని ఆశ.

అంతా విని కుప్పుస్వామి తన ఫోను తీశాడు. ఇందులో రెండో సిమ్ముకు చోటు ఖాళీగా ఉంది, నీది ఇందులో పెడదాం అన్నాడు. పూలమ్మ డబ్బా మీద చెయ్యి అడ్డం పెట్టింది.

పక్కింటి తిమ్మక్క ఒకసారి సిమ్ము తీసి అగ్గిపెట్టెలో దాచింది. మళ్లీ వేసేసరికి ఆ నంబరు ఎవరో అనంతపురం ఆయనదైపోయింది. సిమ్ము తన ఫోను గడప దాటితే నంబరు పరాయిదవుతుందని ఆనాటి నుంచి వాళ్ల వీధి వీధంతా నమ్ముతోంది.

"నంబరు పోతే నా బిడ్డ యాడుందో నాకెట్ల తెలుస్తాదప్పా?"

"ఎన్ని దినాలు దాసింది ఆయమ్మ?"

"ఒక సంవత్సరముంటాది."

"అన్నాళ్లూ రీచార్జి చెయ్యకపోతే పోక ఉంటాదా? నువ్వెప్పుడు చేయించినావు?"

"పోయిన వారం."

"అట్లయితే నీది నీదే."

ఆమె ఒప్పుకోలేదు. బస్సు పలమనేరులో ఆగింది, కదిలింది. వి.కోట వచ్చింది, పోయింది. డ్రైవరు ముందున్న గడియారం పదిన్నర చూపించినప్పుడు, పిండిలో వేళ్లు పెట్టి ఫోను తానే పైకి లాగి ఆయన చేతిలో పెట్టింది. ఆయన వెనక మూత తీస్తుంటే తల తిప్పుకుంది, సూదిమందు పొడిపించుకునేవాళ్లు తిప్పుకున్నట్టు.

సిమ్ము కొత్త ఇంట్లో కూర్చుంది. దారి పొడుగునా అడవి, సిగ్నలు ఉన్నట్టే ఉండి పోతోంది. ఉన్నట్టుండి ఫోను మోగింది. పూలమ్మ లాక్కుని చెవికి ఆనించుకుంది. మాత్రలు మింగినావా అని అడిగింది అవతల ఆడగొంతు. కుప్పుస్వామి భార్య.

"మింగినా లేవే, పెట్టెయ్. ఇది ఇప్పుడు మన ఫోను కాదు," అన్నాడాయన ఫోను అందుకుని.

కుప్పం బస్టాండులో దిగేసరికి పదకొండు దాటింది. ఆయన తమ్ముడింటికి పోకుండా ఆమె పక్కనే నిలబడ్డాడు. పది నిమిషాలు. ఇరవై. పొద్దున్నుంచి చేసి చేసి రేఖ విసిగిందేమో, మొగుడి మాట విని అమ్మ కూడా తలుపేసుకుందనుకుందేమో అని పూలమ్మ భయపడింది. ఈపాటికి నొప్పులు మొదలయ్యాయేమో. ఆయన సిగ్నలు కోసం ఫోను పైకెత్తి పట్టుకుంటే, ఆ చేతినే చూస్తూ నిలబడింది.

మోగింది. పూలమ్మ ఆయన చేతిలోంచి లాక్కుని చెవికి పెట్టుకుంది.

"అమ్మా, పొద్దున్నుంచీ ఆఫు అని వస్తాండాది. నాయన లాక్కున్నాడనుకున్నా."

"యాడికి రావల్లనో అది చెప్పు ముందు."

సంచి చంకన పెట్టుకుని నడక మొదలుపెట్టింది. కుప్పుస్వామి చెయ్యెత్తి, అమ్మా, ఫోను అన్నాడు. ఆమెకు వినబడలేదు. కుడికా, ఎడమకా, మందులంగడి పక్కనేనా అని చెవిలోని మాటలే పైకి అనుకుంటూ, ఆటోల సందులోంచి గబగబా వెళ్లిపోయింది.