బండి ఇవ్వని పెట్టె

మా సండేస్కూల్ ఆంటీ పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను ఏడవలేదు. పెట్టె ఎక్కడుందని అడిగాను.

“మనిషి పోతే దీనికి సామాను బెంగ!” అంది అమ్మ.

“కాలిఫోర్నియాలో ఆ ఫ్రీమాంట్ జాబ్ వచ్చినప్పటి నుంచి దీని మనసు ఇక్కడ లేదు,” అన్నారు నాన్న.

నన్ను అర్థం చేసుకోవడం మా ఇంట్లో ఎప్పుడూ ఇంతే.

నార్త్ కరోలినాలోని మా ఊరు క్యారీలో మా తెలుగు ఆరాధన అద్దె స్కూల్ హాల్లో. ప్రతి ఆదివారం అన్నీ పరచాలి, మధ్యాహ్నానికి అన్నీ విప్పి సర్దాలి. ఆ పనిని ఆంటీ బైబిల్లోని లేవీయుల పద్ధతిలో పంచారు. అరణ్యంలో దేవుని గుడారాన్ని మోసినవి వాళ్ళలో మూడు వంశాలు: గెర్షోనీయులు తెరలు, మెరారీయులు పలకలూ స్తంభాలూ, కహాతీయులు పవిత్ర వస్తువులు. అందుకే మా పిల్లల్లో కొందరు కర్టెన్లు, కొందరు మైక్ స్టాండ్లూ కుర్చీలూ మోసేవాళ్ళు. ప్రభు భోజనం గిన్నెల పెట్టె మాత్రం ఆంటీదే. తాళం వేసేముందు నేలంతా వెతికి, ఒక్క పిన్నీసు దొరికినా హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకునేవారు.

తనకి యాభై నిండిన ఆదివారం పెట్టె నాకిచ్చేశారు. “యాభై దాటితే లేవీయులు మోయకూడదు. రూల్ అమ్మా.” నాకు పదిహేనేళ్ళు. కుర్చీల ట్రాలీ మీద పెట్టి నెట్టాను.

“దించు.”

“ఆంటీ, ఇట్స్ సో హెవీ! వీల్స్ ఉన్నాయి కదా?”

“మిగతా రెండు వంశాలకీ మోషే బండ్లిచ్చాడు. కహాతు వాళ్ళకివ్వలేదు. భుజమే. నువ్వేమైనా స్పెషలా?”

అందరూ నవ్వారు. ఒళ్ళు మండింది. మోశాను. తొమ్మిదేళ్ళు మోశాను.

ఫ్రీమాంట్ సంగతి మొదట చెప్పింది ఆంటీకే, హాస్పిటల్లో. తిడతారనుకున్నాను.

“లేవీయులకి సొంత భూమి లేదే. నలభై ఎనిమిది ఊళ్ళిచ్చి అన్ని గోత్రాల మధ్యా సర్దారు. వాళ్ళు ఒక్కచోటే కూర్చుంటే మిగతావాళ్ళ గతేంటి? వెళ్ళు. పెట్టె మాత్రం నేల మీద వదిలి వెళ్ళకు.”

సమాధి దగ్గర నాన్న పెద్దలతో అంటున్నారు: “పెట్టెకేం, మా అమ్మాయి ఉందిగా. ఎక్కడికీ వెళ్ళదు.” నన్ను అడగలేదు.

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక పెట్టె ఎత్తి, కారు దాకా కాదు, అమ్మ దగ్గరికి తీసుకెళ్ళి ఆమె భుజం మీద పెట్టాను.

“ఇదేంటే! నాకెందుకు?”

“నీకు నలభై ఎనిమిది. ఇంకా రెండేళ్ళుంది.”

నాన్న ట్రాలీ తోసుకుంటూ పరుగున వచ్చారు. అమ్మ ఆయన వైపు చూడలేదు. పమిట సర్దుకుని, రెండో చేత్తో పెట్టెను పట్టుకుని, పార్కింగ్ లాట్ అంతా నెమ్మదిగా నడిచింది. లోపల గిన్నెలు ఒక్కసారి కూడా చప్పుడు చేయలేదు.

శుక్రవారం నేను ఫ్రీమాంట్ వెళ్తున్నాను.