క్రియాటినిన్ బాగానే ఉందన్నారు

ఆ ఉదయం మా ఆయన టీ గ్లాసు పట్టుకోలేక కింద పెట్టేశారు. ఉక్కునగరం స్టీలు ప్లాంటులో ఫర్నేసు దగ్గర పనిచేసి రిటైరైన మనిషి చలికి వణికిపోతున్నారు. మధ్యాహ్నానికి మాట తడబడింది. ఆసుపత్రిలో నిమోనియా అన్నారు. ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకి సెప్సిస్ అయిందని ఐసీయూలో పెట్టారు.

రోజూ రక్తం తీసేవారు. కిడ్నీల సంగతి చెప్పే క్రియాటినిన్ నార్మల్ అన్నారు. అంతలోనే కిడ్నీకే ఎన్‌గాల్ అని మరో రక్తపరీక్ష రాశారు. నాకు ఒళ్ళు మండింది.

"బాగుందన్నాక మళ్ళీ రగతమేటి బాబూ? మనిషిలో ఏటి మిగుల్తాది?"

"క్రియాటినిన్ ఆలస్యంగా పెరుగుతుందమ్మా. కిడ్నీ దెబ్బతింటుంటే ఇది ముందే తెలియజేయొచ్చు," అన్నారు డాక్టరుగారు.

అది ఎక్కువే వచ్చింది.

"అయితే కిడ్నీ పోతాదా?"

"కచ్చితంగా చెప్పలేం. రిస్క్ ఉంది. డయాలసిస్ దాకా రానివ్వకూడదు. పెయిన్‌కిల్లర్లు అసలు వద్దు."

కచ్చితంగా చెప్పలేనప్పుడు పరీక్ష దేనికని విసుక్కున్నాను. అయినా బయటి మందు ఏదీ ఇవ్వొద్దని మా వాళ్ళందరికీ చెప్పాను.

ఆయనకు తెలివి వచ్చింది. మల్కాపురం నుంచి మా మరిది వచ్చి చూసి వెళ్తుండేవాడు. ఇక గండం గడిచిందనుకుంటే మూత్రం తగ్గింది, కాళ్ళు వాచాయి, ఈసారి క్రియాటినిన్ కూడా పెరిగింది. బయటి మందులు ఇచ్చారా అంటే అందరం లేదన్నాం. డయాలసిస్ మొదలుపెట్టారు. డాక్టరు మళ్ళీ గుచ్చి గుచ్చి అడిగితే అప్పుడు మరిది నోరు విప్పాడు.

"మందులేవీ ఇవ్వనేదు వదినా. మోకాళ్ళు లాగేత్తన్నాయంటే, రోజూ ఏసుకునే బిళ్ళే ఇచ్చాను."

"బిళ్ళ మందు కాదేటిరా? బెల్లం ముక్కా?"

"ఆడినేటంతావు? నానే అడిగాను," అన్నారు ఈయన మంచం మీంచి.

షిఫ్టులు చేసిన మగాళ్ళకు ఆ బిళ్ళ టీతో సమానం. బీపీకి వేసుకునేదే మందు వాళ్ళ లెక్కలో. పోనీ మరిదినే తిట్టుకుందామంటే, ఇన్ఫెక్షన్ కూడా కారణమే, బిళ్ళల వల్లే అని తేల్చలేం అన్నారు డాక్టరు. ముందే తెలిసీ కాపాడుకోలేకపోయామన్న మంట మాత్రం నాకు పోలేదు.

కొన్ని వారాలకు డయాలసిస్ ఆపారు. కిడ్నీలు పూర్తిగా కోలుకోలేదు. ఇప్పుడు ఇంట్లో ఉప్పు తగ్గించి వండుతున్నాను, ఆయన సణుగుతూ తింటున్నారు. మోకాళ్ళకు వేడి కాపడమే.

మీ మనిషి ఐసీయూలో ఉంటే రిపోర్టు నార్మలా అని అడిగి ఊరుకోకండి. ఇప్పుడు ఏవి ఇవ్వకూడదో, నొప్పి బిళ్ళతో సహా పేరు పేరునా అడగండి. చూడటానికి వచ్చే ప్రతివాళ్ళకీ అదే చెప్పండి. చిన్నబుచ్చుకుంటే చిన్నబుచ్చుకోనివ్వండి.