అందరికీ ఒకే చెక్క

మా అత్తమ్మకు షుగర్ ఉందని దవాఖానలో చెప్పిన రోజు నుంచి ఇంట్లో డాక్టర్ పని నేనే చేతిలోకి తీసుకున్నాను. తినదగినవి, తినకూడనివి రాసిచ్చిన కాగితాన్ని ఫ్రిజ్‌కు అంటించాను. చక్కెర డబ్బాను అటక ఎక్కించాను. రోజూ సాయంత్రం అందరం ఏదో ఒకటి తింటుంటే ఆమెకు మాత్రం చిన్న స్టీలు ప్లేటులో కీరా ముక్కలు, రెండు బాదం గింజలు. శుక్రవారం నాలుగింటికి ఆమె ఈడు ఆడవాళ్ళు ఇద్దరు ముచ్చట్లకు వస్తారు. వాళ్ళకు మిర్చి బజ్జీలు, ఆమెకు అదే ప్లేటు. వాళ్ళు దాన్ని చూసి అయ్యో అనేవాళ్ళు. మూడో శుక్రవారం ఆమె తలనొప్పి అని గదిలోంచి రాలేదు. ఆ తర్వాత ప్రతి శుక్రవారం అదే తలనొప్పి. నేను ప్లేటు గదిలోకే పంపాను.

మట్టెవాడలో మా కిరాణం కొట్టు మీది గదిలో ముప్పై ఏళ్ళుగా సాగుతున్న ముచ్చట్లు అవి. నలుగురిలో ఆమెకు చిన్నతనంగా ఉందని నాకు అర్థమయ్యేసరికి రెండు నెలలైంది. అర్థమయ్యాక ఊరికే కూర్చునే మనిషిని కాను.

ఫోన్‌లో ఒకామె పెద్ద చెక్క మీద మాంసం ముక్కలు, చీజ్, పండ్లు పరిచి చుట్టాల ముందు పెట్టడం చూశాను. షార్కుటెరీ బోర్డ్ అట. ఆ పేరుకు నా నోరు తిరగలేదు కానీ పద్ధతి నచ్చింది. మాంసం ఎలాగూ మా గడప దాటదు. నేను పెట్టుకున్న నియమం ఒక్కటే. అత్తమ్మ తినకూడనిది ఏదీ ఆ చెక్క మీద ఉండకూడదు. అప్పుడు ఆమెకు వేరే ప్లేటుతో పనే ఉండదు. పాత బీరువా అరను వడ్రంగం చేసే వడ్ల ఆయనతో చిత్రిక పట్టించి పల్లినూనె రుద్దాను. పీటకు కాళ్ళేవని అత్తమ్మ అడిగితే వస్తాయిలే అన్నాను.

శుక్రవారం మధ్యాహ్నం రెండింటికే మొదలుపెట్టాను. నడుమ రెండు గిన్నెలు, ఒకదాంట్లో పుదీనా కలిపిన గట్టి పెరుగు, ఇంకోదాంట్లో పల్లి చట్నీ. వాటి చుట్టూ ఉడికించిన శనగలు, మొలకెత్తిన పెసలు, నేతి చుక్కతో వేయించిన మఖానా, మిరియాల పొడి చల్లిన పనీర్, దోర జామకాయ ముక్కలు, నిలువుగా కోసిన క్యారెట్. సర్వపిండిని మా దగ్గర గిన్నప్ప అంటారు. దాన్ని జొన్నపిండితో పలుచగా కాల్చి వేలెడు ముక్కలు చేసి అంచు పొడవునా పేర్చాను. నా పనిని నేనే మెచ్చుకోకపోతే ఎవరు మెచ్చుకుంటారు? చాలా బాగా కుదిరింది.

పరకాల నుంచి అత్తమ్మ వాళ్ళ అక్కను కూడా పిలిపించాను. అక్క వస్తే తలనొప్పి సాగదని నాకు తెలుసు. అనుకున్నట్టే అత్తమ్మ వచ్చి కూర్చుంది. నలుగురి నడుమ చెక్క పెట్టాను.

ఒక్కరూ చెయ్యి చాపలేదు. పరకాల పెద్దమ్మ కాసేపు చూసి, దేవునికి చూపెట్టినవా బిడ్డా అని అడిగింది. దేవునికి కాదు, మీకే, చేత్తో తీసుకుని పెరుగులో ముంచుకుని తినండని చెప్పి, నేనే ఒక క్యారెట్ ముంచి కొరికి చూపించాను. నలుగురి మొహాలూ మాడిపోయాయి. ఒకరు తింటున్న చేయి పెట్టిన గిన్నెలో ఇంకొకరు ముంచడం! ఎంగిలి పట్టింపున్న ఇంట్లో పదిహేనేళ్ళు కాపురం చేసి ఆ సంగతి ఎట్లా మరిచిపోయానో. నా మీద నాకు కోపం వచ్చింది, వాళ్ళ మీద అంతకంటే ఎక్కువ వచ్చింది.

అత్తమ్మ లేచింది. ఇక గదిలోకి పోతుందనుకున్నాను. ఆమె మెట్ల దగ్గరికి పోయి, ఒక కట్ట దొప్పలు పంపమని కింద కొట్లో ఉన్న కొడుక్కు చెప్పింది. నేను ముంచిన పెరుగు గిన్నె తీసేసి వేరే గిన్నె తెచ్చింది. కడిగిన గరిటె పట్టుకుని కూర్చుని, ఒక్కొక్క దొప్పలో అన్నీ తలాకొంచెం వడ్డించింది. నాలుగో దొప్ప తన ముందు పెట్టుకుంది.

వాళ్ళక్క ఆమె దొప్ప వైపు చూసి, "మా చెల్లెకు వేరేగ ఏం పెట్టినవే?" అని నన్ను అడిగింది.

నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ అందుకుంది. "నాకు వేరే లేదక్కా. మీరు తినేదే నేను తింటాన."

గిన్నప్పలో ఉప్పు తక్కువైందని అందరూ కలిసి నన్ను ఆడిపోసుకున్నారు. వాళ్ళతో కలిసి ఆమె కూడా అంటుంటే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆరున్నర దాకా ఎవరూ లేవలేదు.

వాళ్ళు పోయాక చెక్క తుడుస్తూ అత్తమ్మ నన్ను పిలిచింది.

"గా ప్లేటు ముందటికి వచ్చినప్పుడల్లా నాకు గుబులయ్యేది బిడ్డా. మనింట్ల వేరేగ తీసి పెట్టేది దినాలప్పుడు పోయినోళ్ళకే గద."

ఆమె గొంతులో కోపం లేదు. రెండు నెలలు, ఒక్క పూట తప్పకుండా, ఎంతో ప్రేమగా ఆమెకు నేను అదే పెట్టాను.