అందాజగా చెప్పని డాక్టరమ్మ

తెలంగాణ ఉద్యమం రోజులవి, ఆ రోజు బంద్. జనగామలో మా ల్యాబు షట్టర్ సగం దించి ఉంది. తెలంగాణ ఊరేగింపులో పాట ఎత్తుకునే తండా అక్క ఒకామె, గొంతు మీది థైరాయిడ్ గడ్డ రిపోర్టు కోసం వంగి లోపలికొచ్చింది.

మా డాక్టరమ్మ ఆ గడ్డ నుంచి సూదితో తీసిన కణాల్లోని కేంద్రకాలను మైక్రోస్కోపులో ఒక్కొక్కటే కొలుస్తోంది. క్యాన్సరైతే అవి తరచూ ఉబ్బుతాయి. కరెంటు పోయింది. డాక్టరమ్మ లేవలేదు, మైక్రోస్కోపు అద్దాన్ని కిటికీ వెలుతురుకు తిప్పుకుంది.

“ఎంతసేపు కొలుస్తవమ్మా? మావోళ్లు చౌరస్తా దాటుతున్నరు,” అంది అక్క.

“పోనీయి అక్కా. పాడే గొంతు, అందాజగ ఎట్ల చెప్త?”

చివరికి తలెత్తింది. “కణాల లోపలి గింజలు ఉబ్బలేదు, ఒక్క తీరుగున్నయి. మంచి సూచనే. అయినా గడ్డ తీసి చూసినంకనే ఖాయం.”

అక్క తానూ తొంగి చూసింది. “గివి నా గొంతులయేనా? నేను గంత ఒర్రుతుంటే గింత నిమ్మలంగున్నయేంది!”

నవ్వుకుంటూ షట్టర్ కింద నుంచి దూరి, పాట ఎత్తుకుని పరుగెత్తింది. డాక్టరమ్మ అలసిన కళ్లు మూసుకుని, ఆ గొంతు చౌరస్తా దాటేదాకా వింటూ కూర్చుంది.

ఇద్దరిలో ముందు ఎవరికి దండం పెట్టాలో నాకింకా తేలలేదు. మీరైతే ఎవరికి పెడతారు?