పచ్చళ్ళ సీసా మీది ఫాంటు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇరవై ఒకటో ఏట మనిషికుండే జ్ఞానం మళ్ళీ జన్మలో రాదు. ఆ తర్వాత ఏటా కొంచెం కొంచెం తగ్గుతూ పోతుంది. డిగ్రీ మధ్యలో ఆగిపోయిన లోటును నేను సైదాబాద్ వైపున్న ఒక శాఖా గ్రంథాలయంలో పూడ్చుకుంటూ ఉండేదాన్ని. అక్కడ పోటీ పరీక్షల పిల్లలు కుర్చీల కోసం కొట్లాడుకుంటుంటే, నేను ఎవరూ ముట్టని మూల బీరువా దగ్గర నిలబడి తేనెటీగల పెంపకం నుంచి ఓడల నిర్మాణం దాకా చేతికందినవన్నీ చదివేశాను. (మేముండే మీర్‌పేటకు ఓడ ఎప్పుడొస్తుందో తెలియదు గానీ, వస్తే నేను సిద్ధం.)

ఇంత చదువుకు తగిన ఉద్యోగమే దొరికింది. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల వెనక సందులో ఒక డీటీపీ షాపు, అందులో లామినేషన్ మిషను, ఆ మిషను ముందు నేను. ఊళ్ళోవాళ్ళ కార్డులన్నీ ప్లాస్టిక్కులో పెట్టి వేడి చేయడం, హాస్టల్ పిల్లల నోట్సులకు స్పైరల్ గుచ్చడం నా విద్వత్తుకు అప్పగించిన పనులు. షాపులో కంప్యూటర్లు మూడు. ఒకటి సేటుది. (ఆయన నల్గొండ వైపు రైతుబిడ్డ. గల్లాపెట్టె వెనక కూర్చున్న మొదటి రోజునే సేటు అయిపోయాడు.) రెండోది కంట్రోల్ జెడ్ అన్నది. చేసిన ప్రతి పనినీ ఒకసారి వెనక్కి తీసుకుని మళ్ళీ మొదలుపెడతాడు కాబట్టి, తన పెళ్ళిచూపులతో సహా, ఆయనకా పేరు. మూడోది ఖాళీ. ఆ మూడో కుర్చీ మీద ఏడాదిగా నా కన్ను.

ఈ వృత్తిలో ఒక ఆచారముంది. వీళ్ళు ఇంట్లో బంగారమైనా బయట పెడతారు గానీ ఫాంటు మాత్రం బయట పెట్టరు. మంచి అక్షరం ఒకటి చేతికి చిక్కిందంటే ముందు దాని అసలు పేరు చెరిపేసి, తమకు మాత్రమే తెలిసే పేరు పెట్టుకుంటారు. అన్న సిస్టంలో ఫాంట్ల జాబితా తెరిస్తే అది ఆయన చుట్టాల జాబితాలా ఉండేది: పెద్దత్త లావు, చిన్నత్త బక్క, బామ్మర్ది వంకర. పెళ్ళి కార్డులకు చిన్నత్తను వాడేవాడు. నాయకుల పుట్టినరోజు బ్యానర్లకు పెద్దత్త తప్ప ఎవరూ ఆనేవారు కాదు. ఆ జాబితా చూసి పోటీ షాపువాళ్ళు ఏం కనుక్కుంటారు? ఆయన అత్తల బరువు తప్ప.

సేటుకే ఎల్బీనగర్‌లో ఒక ప్రింటింగ్ యూనిట్ కూడా ఉండేది. మేము ఇక్కడ డిజైన్ చేస్తే అక్కడ ఎంటర్ బాబాయ్ ప్రింటు తీసేవాడు. గుంటూరు వైపు మనిషి. తెర మీద ఏ పెట్టె వచ్చి ఏమడిగినా చదవకుండా ఎంటర్ నొక్కడం ఆయన పని విధానం. అన్న ఆయనకు ఒక్క ఫాంటు కూడా ఇచ్చి ఎరగడు. ఎప్పుడో అన్న చేసిన డిజైన్ చూసి బాబాయ్ ‘బానే ఉంది’ అన్నాడట. ‘చాలా బాగుంది’ అనలేదు. అంతే, పగ. ఫాంటు ఇవ్వడు కాబట్టి అన్న ప్రతి ఫైలునూ ‘కర్వ్స్’ చేసి పంపేవాడు, అంటే అక్షరాన్ని బొమ్మగా మార్చేసేవాడు. అప్పుడు అవతలి కంప్యూటర్లో ఆ ఫాంటు లేకపోయినా బొమ్మ బొమ్మలాగే వస్తుంది.

ఇలా అందరం సుఖంగా ఉండగా ఒక సోమవారం పచ్చళ్ళ ఆంటీ వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ళలో చదివి బాగుపడిన వాళ్ళలో సగం మంది ఆవిడ గోంగూర తిని బతికినవాళ్ళే. సంచిలోంచి ఒక పాత సీసా తీసి గల్లాపెట్టె మీద పెట్టింది. దాని మీది లేబుల్ పదేళ్ళుగా నూనె తాగి గాజులా మెరుస్తోంది.

“మా తోటికోడలు ఎల్బీనగర్‌లో కొట్టు పెట్టిందండీ. నా పేరే పెట్టింది. అంటే మా అత్తగారి పేరు. ఆవిడ తనకూ అత్తగారేనంట!” (ఆ అత్తగారు బతికున్నంత కాలం ఇద్దరు కోడళ్ళలో ఎవరూ ఆవిడ పేరు ఎత్తేవారు కాదని తర్వాత తెలిసింది. ఆ పేరు నేనూ ఎత్తను.)

“గట్లైతే మీరు పేరు మార్చుండ్రి మేడం” అన్నాడు సేటు.

“నేనెందుకు మార్చాలి? నేనూ అక్కడే, దానికెదురుగానే కొట్టు తెరుస్తున్నా శుక్రవారం. పేరొకటే అయినప్పుడు జనం నన్ను దేన్ని చూసి గుర్తుపట్టాలి? ఈ అక్షరాల్ని చూసే కదా! బోర్డు మీద అచ్చం ఇవే రావాలి. కొంచెం తేడా వచ్చినా నాదే నకిలీ అంటారు.”

“గిది ఎవరి దగ్గర చేయించిండ్రు?”

“మా ఆయన చేయించారు. ఎక్కడండీ అంటే ‘ఎక్కడో చేయించాలే’ అంటారు. ఆయన అన్నిటికీ అంతే.”

సేటు లేబుల్‌ను ఫోనులో ఫొటో తీసి, ఫొటో చూసి ఫాంటు పేరు చెప్పే ఒక సైటుకు ఎక్కించాడు. ఆ సైటు లేబుల్ మీది మామిడికాయ ముక్కను అక్షరమనుకుని, అదొక విదేశీ ఫాంటని, కొనుక్కోమని సలహా ఇచ్చింది. కంట్రోల్ జెడ్ అన్న తన అత్తల్నీ బామ్మర్దుల్నీ ఒక్కొక్కరినే సీసా పక్కన నిలబెట్టి చూశాడు. చివరకు కళ్ళు నులుముకుని, “మన సుట్టాలల్ల ఎవ్వరు గాదు సార్” అని తేల్చాడు.

అప్పుడు లామినేషన్ మిషను వెనక నుంచి ఒక గొంతు లేచింది. నాదే. “నేను కనిపెడ్త సార్. అక్షరం సూసి పేరు చెప్పే విద్యుంటది. లైబ్రరీల సదివిన.”

సేటు నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. “ఓ లైబ్రరీ! మంచిగ చెప్పినవ్. కనిపెడితే మూడో సిస్టం నీదే. తప్పితే మాత్రం గదే మిషను, గదే ప్లాస్టిక్. మళ్ల కంప్యూటర్ ముచ్చట ఎత్తొద్దు. ఒప్పుకుంటవా?”

ఒప్పుకోక? నా దగ్గర గ్రంథాలయం పుస్తకముంది. అట్ట లేని ఇంగ్లీషు పుస్తకం, అక్షరాల ఆకారాల గురించి. నిఘంటువు పక్కన పెట్టుకుని రెండు నెలలు చదివాను. చివరి అధ్యాయం చిరిగిపోయింది. విషయసూచికను బట్టి దాని పేరు ‘తరచుగా జరిగే పొరపాట్లు’. నాకు దాని అవసరం లేదు కాబట్టి పెద్దగా బాధపడలేదు. పుస్తకమంతా ఇంగ్లీషు అక్షరాల గురించే. వాటికి పాదాలుంటాయట, పాదాలు చూసి వంశం చెప్పాలట. మన అక్షరాలకు పాదాలు లేవు గనక నేను తలకట్టుతో మొదలుపెట్టాను. లేబుల్‌ను పెద్దగా ప్రింటు తీసి, ‘ప’ పొట్ట మీదా, ‘చ్చ’ వెడల్పు మీదా స్కేలుతో గీతలు గీశాను. మూడు రోజులు షాపుకొచ్చిన ప్రతివాళ్ళకూ ఉపన్యాసమిచ్చాను. రేషన్ కార్డు లామినేషన్‌కొచ్చిన ఒక ముసలాయన అంతా విని, “మంచిగున్నది గని, నా కార్డు కాలుతున్నట్టుంది బిడ్డా” అన్నాడు. నిజంగానే కాలింది.

గురువారం పొద్దున సేటు బీరువాలో ఒక పాత సీడీ దొరికింది. అందులోని ఒక ఫాంటు తలకట్టు నా కొలతలకు సరిగ్గా సరిపోయింది. “ఇదే!” అని ప్రకటించాను. అన్న లేచి వచ్చి తెరనూ సీసానూ మార్చి మార్చి చూశాడు. లేబుల్ మీద ‘పచ్చళ్ళు’లోని చివరి కొమ్ము ఉడత తోకలా పైకి లేచి ఉంటుంది.

“తోక సూడు చెల్లె. గది లేసింది. గిది పండుకున్నది.”

“నూనెకు కాయితం ఉబ్బిందన్నా. అందుకే లేసినట్టు కనవడుతున్నది.”

అన్న నా ముఖం వైపు కాసేపు చూశాడు. ఏ మనిషీ వెనక్కి తీసుకోలేని మాట అది అని ఆయనకు అర్థమైనట్టుంది. “సరే తియ్. కర్వ్స్ జేసినవా?”

“చేసిన” అన్నాను. చేయలేదు. ఆ మాట నా పుస్తకంలో ఎక్కడా లేదు. పైగా అంత కష్టపడి వంశం కనిపెట్టిన అక్షరాన్ని బొమ్మ చేసి పంపడం నాకు చదువుకే అవమానంగా తోచింది.

పెన్ డ్రైవ్ దస్తీలో ముడేసుకుని మెట్రోలో ఎల్బీనగర్ వెళ్ళాను. బాబాయ్ దాన్ని కంప్యూటరుకు గుచ్చి ఫైలు తెరిచాడు. తెర మీద పెద్ద పెట్టె ఒకటి వచ్చింది. నేను మొదటి మాట చదివే లోపల ఆయన వేలు పడింది.

“ఏమొచ్చింది బాబాయ్?”

“ఏదో అడిగింది. ఔనన్నా.”

“ఏమడిగిందో సూడరా?”

“అమ్మాయ్, పద్దెనిమిదేళ్ళుగా అది అడుగుతానే ఉంది, నేను ఔనంటానే ఉన్నా. ఇంతవరకూ మా ఇద్దరి మధ్యా మాట రాలేదు.”

మిషను కదిలింది. అత్తగారి పేరులో మొదటి అక్షరం బయటికొచ్చింది. అది నా అక్షరం కాదు. తలకట్టు వేరు, పొట్ట వేరు, వంశమే వేరు. “ఆపు బాబాయ్, ఆపు!” అన్నాను. “ఆపితే సగం షీటు చెత్తకే. సేటుకు నువ్వు చెప్పుకుంటావా మరి?” అన్నాడు. నేను చెప్పుకోలేను. ఇంటికెళ్ళి అమ్మకు ఏం చెప్పుకోవాలో, జీవితాంతం ఎన్ని కార్డులు ప్లాస్టిక్కులో పెట్టాలో లెక్క వేసుకుంటూ నిలబడ్డాను. అప్పుడే తలుపు దగ్గర ఆటో ఆగింది. పచ్చళ్ళ ఆంటీ, చేతిలో సీసాతో. రేపటిదాకా ఆగలేక వచ్చేసిందట.

‘ప’ వచ్చింది. ‘చ్చ’ వచ్చింది. ఆంటీ కళ్ళజోడు పెట్టుకుంది. నేను కళ్ళు మూసుకున్నాను. మిషను చప్పుడును బట్టి ఇప్పుడొచ్చేది ‘ళ్ళు’ అని లెక్కేసుకున్నాను.

“ఇదే! ఇదేనే తల్లీ! ఈ తోకే!”

కళ్ళు తెరిచాను. ఆంటీ సీసాను షీటు పక్కన పెట్టి చూపిస్తోంది. రెండు తోకలూ ఒకే తీరుగా పైకి లేచి ఉన్నాయి. జరిగిందేమిటో నాకు ఆ క్షణంలోనే తెలిసింది, చదువుకున్నదాన్ని కదా. బాబాయ్ కంప్యూటర్లో ఉన్నవి రెండే రెండు తెలుగు ఫాంట్లు, మొదట్లో దాంతోపాటే వచ్చినవి. నేను పంపిన ఫాంటు అందులో లేదు. ‘లేదు, అదే కంపెనీది ఇంకోటి ఉంది, తగిలించనా?’ అని పెట్టె అడిగింది. బాబాయ్ ఔనన్నాడు. ఆంటీ షీటు చూసుకుంటుంటే బాబాయ్ నా చెవిలో, “ఈ లేబుళ్ళు అప్పట్లో నేనే తీశా అమ్మాయ్. ఒకాయన ఎక్కడో డిజైన్ చేయించుకుని తెచ్చాడు. అప్పుడూ ఏదో అడిగింది” అన్నాడు. అంటే పదేళ్ళుగా పిల్లలంతా గుర్తుపట్టి కొంటున్న ఆ అక్షరాన్ని ఎవరూ ఎంచుకోలేదు. ఒక వేలు పడిందంతే. మేము దిల్‌సుఖ్‌నగర్ షాపంతా వెతికాం. అన్న పగ పుణ్యమా అని ఏ కొత్త ఫాంటూ చేరని ఆ ఒక్క కంప్యూటరూ తప్ప.

“ఎలా కనిపెట్టావమ్మా ఇంత చిన్న పిల్లవి?” అంది ఆంటీ. నిజం చెప్పడానికి అది మంచి అవకాశం. నేను తలకట్టు గురించి పది నిమిషాలు మాట్లాడాను.

షాపుకు తిరిగొచ్చేసరికి ఆంటీ ఫోను ముందే వచ్చింది. సేటు మూడో కుర్చీ మీది పాత కాగితాల కట్టలు తనే దించి పెట్టాడు. అన్న మాత్రం ఆంటీ పంపిన ఫొటో దగ్గరగా చూస్తున్నాడు.

“చెల్లె, పొద్దుగాల పండుకున్న తోక గిప్పుడెట్ల లేసింది?”

నేను మూడో కుర్చీ దుమ్ము తుడుస్తున్నట్టు వంగాను.

“గా సీడీల ఫాంట్ గాదిది. అసలు పేరేంది దీనిది?”

లైబ్రరీలో చదివిన వేల పేజీల్లో ఒక్క వాక్యమూ సాయానికి రాలేదు. వచ్చింది అన్న దగ్గర ఏడాదిగా చూసి నేర్చుకున్నది. “అన్నా, ఫాంట్ పేరు ఎవరన్న చెప్తరా?” అన్నాను.

అన్న నన్ను చూశాడు. సేటును చూశాడు. తర్వాత నా కుర్చీని తన చేత్తో తెర వైపు తిప్పి పెట్టాడు. “ఇగ నువ్వు ఆపరేటర్ వైనవ్ పో.”

కథ అక్కడ ఆగితే బాగుండేది. సోమవారమే ఆంటీ అవే అక్షరాలతో కవర్లు, బిల్లు పుస్తకాలు కావాలంది. నా సిస్టంలో ఆ ఫాంటు లేదు. ఎల్బీనగర్ వెళ్ళి బాబాయ్‌ను బతిమాలాను. ఆయన మొదటిసారి ఎంటర్ నొక్కలేదు. “పద్దెనిమిదేళ్ళలో ఒక్కడు నాకో ఫాంటు ఇచ్చిన పాపాన పోలేదు. నువ్వేమిస్తావు?” అన్నాడు. మర్నాడు అన్న టీకి వెళ్ళినప్పుడు ఆయన కుర్చీలో కూర్చుని, చెమటలు కక్కుతూ చిన్నత్త బక్కను పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించాను. బాబాయ్ దాన్ని తన కంప్యూటర్లో చూసుకుని, తన ఫాంటును నా పెన్ డ్రైవ్‌లో వేసి, “చాలా బాగుంది” అన్నాడు. ఈ మాట ఆయన ముందే అనుంటే ఈ కథే లేదు. అన్నకు ఆయన మెప్పు చేరవేయడం కుదరలేదు. చేరవేస్తే దొంగతనం కూడా చేరుతుంది.

ఇప్పుడు మీర్‌పేటలో నాకే ఒక చిన్న షాపు ఉంది. ఆ ఫాంటు నా సిస్టంలో ‘బాబాయ్ ఔను’ అనే పేరుతో ఉంది, ఎవరికీ ఇవ్వను. ఆ మధ్య ఆంటీ తోటికోడలు వచ్చి, సరిగ్గా ఎదురు కొట్టు అక్షరాలే కావాలంది. ఆవిడకూ తలకట్టు గురించి పది నిమిషాలు చెప్పి, పెద్దత్త లావులో బోర్డు చేసి పంపాను. (పెద్దత్త నా దగ్గరికి ఎలా వచ్చిందని అడగకండి.)

మొన్నొక పని మీద సైదాబాద్ వెళ్ళి ఆ గ్రంథాలయంలోకి తొంగి చూశాను. మూల బీరువాలో ఆ అట్ట లేని పుస్తకం అలాగే ఉంది, నా తర్వాత ఎవరూ తీసుకున్నట్టు లేదు. చిరిగిన అధ్యాయం ఉండాల్సిన చోట ఖాళీ కాగితం మీద పెన్సిల్‌తో నా దస్తూరీ: ‘ఈ గ్రంథం తెలుగుకు చాలదు. తగినది నేనే రాయవలసి ఉన్నది.’ కింద సంతకం, దాని కింద రెండు గీతలు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. లైబ్రేరియన్ దగ్గర రబ్బరు అడిగి తెచ్చుకున్నాను. కాసేపు దాన్ని పట్టుకుని కూర్చుని, ఆ పిల్ల గీసిన రెండు గీతల్నీ చూసి, రబ్బరు తిరిగి ఇచ్చేసి వచ్చాను.