సుంకమ్మ కడవ నీళ్లు

1953 వేసవి. కర్నూలులో రేడియోలు బాగుచేసే అంగడి నాది. అమెచ్యూర్ లైసెన్సు కూడా ఉండేది, అంటే సొంత ట్రాన్స్‌మిటర్‌తో మాట్లాడుకునే అనుమతి. ఆ ఏడు పత్తికొండ అవతల ఒక పల్లెలో బావులన్నీ ఎండిపోయాయి. ఊరి అవసరం చూసి, నీళ్ల లారీ కోసం వైర్‌లెస్‌లో కబురు చెయ్యమని తాలూకా అధికారి నన్ను పంపాడు. జీపు నన్నూ, నా బ్యాటరీ సెట్టునూ దించేసి ముందు పల్లెలకు పోయింది. కర్నూలులో నా మిత్రుడు తన సెట్టు ముందు వింటూ కూర్చున్నాడు. పన్నెండులోపు కబురు అందితేనే ఆ రోజు లారీ బయలుదేరుతుంది.

ఊరి చావడి ముందు వెదురు బొంగుకు యాంటెనా తీగ కట్టి, సెట్టును నేలకు కలిపే ఎర్త్ కడ్డీ దిగ్గొట్టాను. మీటరు చూశాను. స్టాండింగ్ వేవ్ రేషియో అని ఒక లెక్క ఉంది. సెట్టు పంపిన శక్తిని యాంటెనా సరిగ్గా తీసుకోకపోతే కొంత వెనక్కి తిరిగొస్తుంది. ఎంత తిరిగొస్తే అంకె అంత పెరుగుతుంది. ఒకటి దగ్గరుంటే మేలు, మూడు దాటితే సెట్టుకే ముప్పు. నాది అయిదు చూపించింది. తీగ పొడవు పెంచాను, తగ్గించాను. లాభం లేదు.

ఎదురింటి సుంకమ్మ వచ్చి అడిగింది. భర్త పోయాక ఒంటెద్దుతో, దానికి జతగా ఇరుగుపొరుగు ఎద్దును బదులు తెచ్చుకుని సేద్యం చేసుకునే మనిషి.

"ఏం నాయనా, పలుకుతాండాదా?"

"లేదమ్మా. మీ నేల శానా ఎండిపోయిండాది. కడ్డీ చుట్టూ ఉప్పునీళ్లు పోస్తే పలుకుతాది."

"ఒక్క కడవే ఉండాది. ఎద్దుకని పెట్టుకున్యా. పొద్దున్నుంచి అది లేచ్చా లేదు."

"లారీ వస్తే ఎద్దుకూ నీళ్లే గదమ్మా."

నమ్మింది. ఉప్పు కలిపి తన చేత్తోనే పోసింది. నేల క్షణంలో తాగేసింది. మీటరు ముల్లు మాత్రం అయిదు మీదే నిలబడింది.

అప్పుడు తట్టింది నాకు. ముందురోజు తెగిన తీగను ఇంట్లో ముడివేసింది నేనే. రాగితీగ మీద ఎనామెల్ పూత ఉంటుంది, అది గీకకపోతే కరెంటు పారదు. బడిపిల్లలకు కూడా నేను నేర్పిన మాట అది. ముడి విప్పితే పూత సగం అలాగే మెరుస్తోంది. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, నేలను తప్పుబట్టాను. కత్తితో గీకి బిగించగానే ముల్లు ఒకటిన్నరకు దిగింది. కబురు అందింది. అప్పటికి ఒంటిగంట దాటింది.

లారీ మర్నాడు వచ్చింది. ఎద్దు తెల్లారేసరికే పోయింది. దాచబుద్ధి కాలేదు, సుంకమ్మకు చెప్పేశాను: "తప్పు నేలది కాదమ్మా, నా ముడిది."

ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"ఈ నేలను వచ్చినోళ్లంతా అన్యారు నాయనా. నువ్వూ అంటివి," అంది.

ఆ తర్వాత ఏ సెట్టు పలకకపోయినా మొదట నా చేత్తో వేసిన ముడినే విప్పి చూసేవాణ్ణి. ఆ బుద్ధి వల్ల సుంకమ్మకు ఒరిగిందేమీ లేదు. వానలు పడ్డప్పుడు కాడికి కట్టడానికి ఆమెకు ఎద్దు లేదు.